నెల్లూరు నుంచి ఒక్క రోజులో వెంకటగిరి: మగ్గాలు, రాజమందిరం, చీరల బజారు

వెంకటగిరి రాజా పేరు నెల్లూరు వారికి చిన్ననాటి నుంచి పరిచయమే. వి.ఆర్. హైస్కూలు, వి.ఆర్. కళాశాల ఆ పేరు మీద వెలసినవే. అయినా వెలుగోటి వారి సంస్థానానికి రాజధానిగా వెలిగిన ఆ ఊరిని తీరిగ్గా చూసినవారు తక్కువ. చాలామంది పెళ్లి చీరలకని వెళ్లి, నాలుగు దుకాణాలు తిరిగి వచ్చేస్తారు. సంస్థానం ఆదరణలో ఎదిగిన నేత కాబట్టి మగ్గాన్ని, రాజమందిరాన్ని, బజారును ఒకే రోజు, అదే వరుసలో చూడాలని నా అభిప్రాయం.

ముందుగా రోజును ఎంచుకోవాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో ముసురు పట్టినప్పుడు నేలలో గుంట తవ్వి అమర్చిన మగ్గాల్లోకి నీరు ఊరి పని ఆగిపోతుంది. వినాయక చవితి తరువాత జరిగే పోలేరమ్మ జాతర రోజుల్లో ఊరంతా జనమే కాబట్టి జాతర చూడాలంటే దానికే వేరుగా వెళ్లాలి. మే నెల ఎండల్లో వీధులు తిరగడం పెద్దవారికి కష్టం. సంక్రాంతి సందడి ముగిశాక, ఫిబ్రవరి చివరిలోగా వెళ్లడం అన్నివిధాలా అనుకూలం.

వెంట తీసుకువెళ్లే మనిషి ఆ ఊరివాడై ఉండాలి. నేత కుటుంబంలో పుట్టి పెరిగినవారు గానీ, అక్కడ చాలాకాలం పనిచేసిన ఉపాధ్యాయులు గానీ దొరికితే అంతకన్నా కావలసింది లేదు. రాజమందిరం ఇప్పటికీ రాజకుటుంబీకుల ఆస్తి కనుక చూడటానికి అనుమతిని ఈ ఊరి మనిషి ద్వారా ముందుగానే అడిగించుకోవాలి. ఎంతమంది వస్తారో, ఏ వేళకు వస్తారో, ఫోటోలు తీయవచ్చా లేదా అన్నవి ముందే తేల్చుకోవాలి. అనుమతి రాకపోతే బయటి నుంచి చూసి తృప్తిపడాలే తప్ప కాపలావారిని బతిమాలి లోపలికి పోవడం మర్యాద కాదు.

2022లో జిల్లాల విభజనతో వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి వెళ్లినా దారి మారలేదు. గూడూరు మీదుగా బస్సులోనో కారులోనో వెళ్లవచ్చు. రైలు స్టేషను గూడూరు, రేణిగుంట మధ్యన ఉంది. ఉదయం ఆరు గంటలకే నెల్లూరులో బయలుదేరితే పని మొదలయ్యే వేళకు మగ్గాల దగ్గర ఉంటారు.

నేతవారి ఇళ్లలో కనీసం రెండు గంటలు గడపండి. మగ్గం ఉన్న గది చిన్నది కనుక నలుగురు చొప్పున వెళ్లాలి. బొమ్మలను నేతలోనే చేత్తో వేసే జాందానీ మగ్గం ఒక్కటైనా చూపించమని అడగండి. చిలుక బొమ్మ వేస్తున్నప్పుడు, నేతగాడు రంగు దారం చుట్టిన చిన్న కండెను వేళ్లతో పట్టుకొని, ఆ వరుసలో చిలుక ముక్కుకు ఎన్ని పోగులు కావాలో అన్ని పడుగు (నిలువు) పోగుల కిందుగా దూర్చి తీస్తాడు. ఆ వరుసలోని బొమ్మలన్నిటికీ అలాగే చేశాక గాని అడ్డుపోగును మోసే నాడె అటు నుంచి ఇటు రాదు. ఒక అంగుళం బట్ట ముందుకు జరగడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూస్తే చీర ధర మీద బేరమాడాలనే బుద్ధి పుట్టదు. చీరకు ఇంతని కూలి కట్టే పని కనుక, మీరు మాట్లాడిస్తూ మగ్గం ఆపిన ప్రతి నిమిషమూ వారికి నష్టమే. దానికి తగిన మొత్తాన్ని వెళ్లేటప్పుడు మొహమాటం లేకుండా ఇచ్చి రావడం ధర్మం. మగ్గం మీదున్న చీరను అమ్మమని మాత్రం అడగవద్దు, ఎందుకంటే చాలాచోట్ల నూలు, జరీ ఇచ్చి నేయించుకునే షావుకారుదే ఆ చీర.

ఎండ ముదిరే వేళకు రాజమందిరానికి చేరుకోండి. అక్కడ రాజుల పేర్లు, తేదీల జాబితా వినడం కన్నా దర్బారు ఎక్కడ జరిగేది, శిస్తు లెక్కలు ఎక్కడ చూసేవారు, అంతఃపురానికి చీరలు ఏ దారిన వచ్చేవి అని అడిగితే ఆ ఇల్లు నడిచిన తీరు తెలుస్తుంది. జమీందారీలను 1948 చట్టం రద్దు చేశాక నేతవారికి దిక్కెవరయ్యారన్న ప్రశ్న కూడా అక్కడే అడగాలి. సహకార సంఘాల కథ, షావుకార్ల కథ ఆ జవాబులోనే బయటపడతాయి.

భోజనం పట్టణంలోనే ముగించుకొని, మధ్యాహ్నం బజారుకు వెళ్లండి. జాందానీ అని చూపించిన చీరను తిరగేసి చూడండి. చేత్తో వేసిన బొమ్మ రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. వెనుక దారాలు బొమ్మ నుంచి బొమ్మకు సాగి ఉన్నా, కత్తిరించిన కొసలు కనిపించినా అది జాందానీ కాదు. మగ్గానికి బిగించిన జకార్డు పరికరంతో బొమ్మ వేసిన చీర కొనడం తప్పేమీ కాదు గాని, జాందానీ ధర పెట్టి కొనకూడదు. చేనేత గుర్తు (హ్యాండ్లూమ్ మార్క్) ఉన్న చీరకే, రసీదు తీసుకొని డబ్బు చెల్లించండి. ఇంటికి వచ్చాక జరీ చీరను ప్లాస్టిక్ సంచిలో ఉంచకుండా పలుచని నూలు గుడ్డలో చుట్టి పెట్టుకొని, రెండు మూడు నెలలకొకసారి మడత మార్చాలి.