ఈ-బుక్‌లో తెలుగు ఫాంటు మొరాయిస్తే

కొత్త ఫాంటు వేశాక తెలుగు సరిగా కనిపించకపోతే, తప్పు ఫాంటుదా, యాప్‌దా, పుస్తకానిదా అన్నది ముందు తేల్చుకోండి. అదే పుస్తకాన్ని నోటో శాన్స్ తెలుగు ఫాంటుతో తెరిచి చూడండి. బాగుంటే మీ ఫాంటులోనే లోపం. అప్పుడూ అంతే ఉంటే ఇంకో పది ఫాంట్లు దింపుకున్నా లాభం లేదు.

జాబితాలో ఫాంటు పేరే లేదు

గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురన్న లాంటివి ఉచితంగా దొరుకుతాయి. అవి జిప్‌లో వస్తాయి. దాన్ని విప్పి, లోపలి టీటీఎఫ్ లేదా ఓటీఎఫ్ ఫైలును ఫాంట్స్ ఫోల్డర్‌లో పెట్టాలి. ఈ-బుక్ రీడర్లలో, కిండిల్‌లో అయితే ఆ ఫోల్డర్ కంప్యూటర్‌కు కేబుల్ తగిలించగానే కనిపిస్తుంది, కోబోలో మనమే చేసుకోవాలి. అన్నట్టు, రామభద్ర శీర్షికలకు గీసిన ఫాంటు. దాంతో నవల చదివితే కళ్లు లాగేస్తాయి.

ఫాంటు ఎంచుకున్నా ఏ మార్పూ లేదు

సెట్టింగుల్లో 'పబ్లిషర్ ఫాంటు' ఆన్‌లో ఉందేమో చూసి తీసేయండి. అదీ కాకపోతే, మీరు వేసిన ఫాంటులో తెలుగు అక్షరాలే ఉండకపోవచ్చు. అప్పుడు ఫోను గుట్టుచప్పుడు కాకుండా తన సొంత ఫాంటు వాడేస్తుంది. ఆ సౌకర్యం లేని పరికరంలో అయితే డబ్బాలు కనిపిస్తాయి. పీడీఎఫ్‌లో మాత్రం ఫాంటు మార్చడం కుదరదు.

వత్తులు విడిపోతున్నాయి

అందరినీ ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. కడప జిల్లావాళ్లకు పరీక్ష మాట చేతిలోనే ఉంది: ప్రొద్దుటూరు. అది 'ప్‌రొద్‌దుటూరు' అని కనిపిస్తోందా? కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలకు వాడే ఉమ్మడి సంకేతాల పద్ధతి యూనికోడ్. అందులో 'ప్ర' అన్నది ఒక్క అక్షరంగా ఉండదు. ప, పొల్లు, ర అని మూడు సంకేతాలుగా ఉంటుంది. వాటిని కలిపి క్రావడి పెట్టే సూత్రాలు ఫాంటులో ఉంటాయి, వాటిని చదివి అమలు చేయాల్సింది యాప్. ఆ పని చేతకాని యాప్‌లో ఎంత మంచి ఫాంటైనా ఇంతే.

కేఓరీడర్ అనే ఈ-బుక్ యాప్ వాడేవాళ్లు ఫాంటు సెట్టింగుల్లో కెర్నింగ్‌ను 'బెస్ట్'కు మార్చండి. అక్షరాలను కలిపే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా పనిచేసేది అప్పుడే. 'ఫాస్ట్'లో ఉంటే వత్తులు కలవవు. వేరే యాప్ అయితే అప్‌డేట్ చేసి చూడండి, లేదంటే మార్చేయండి. తర్వాత 'రాష్ట్రం' కూడా చూడండి. ష కింద ట, ర రెండూ కుదురుగా కూర్చుంటే ఇక టెన్షన్ లేదు.

వత్తుల అడుగు తెగిపోతోంది

లైన్ స్పేసింగ్ పెంచండి. ఇంగ్లిషుకు సరిపోయే ఎడం మనకు చాలదు.

తెలుగు బదులు పిచ్చి గుర్తులు, ఇంగ్లిషు అక్షరాలు

ఇది పుస్తకం సమస్య. కడపలో గానీ ప్రొద్దుటూరులో గానీ డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన పాత కథల ఫైలును తెచ్చి ఈపబ్ అనే ఈ-బుక్ ఫైలుగా మారిస్తే ఇలాగే అవుతుంది. అందులో తెలుగు అక్షరాలకు ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల సంకేతాలు వాడతారు. అను ఫాంటు తీసేస్తే ఆ సంకేతాలే బయటపడతాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, అచ్చుప్రతి పక్కన పెట్టుకుని దిద్దాలి. అచ్చుప్రతి లేకపోతే, ఫైలు కొట్టినవాళ్లనే పీడీఎఫ్ అడిగి తెచ్చుకోండి. దిద్దడానికి అదీ పనికొస్తుంది.