మాంగల్యధారణకు మూడు సెకన్లు: ఫొటోగ్రఫీ వృత్తికి ఏ చదువు కావాలి, ఎన్ని లెక్కలు రావాలి

నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై వచ్చి ఫొటోగ్రఫీలో నిలదొక్కుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేవి రెండే. కోర్సు చేయకపోతే పని దొరుకుతుందా? చిన్నప్పటి నుంచీ లెక్కలు రావు, నేను పనికొస్తానా?

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. పెళ్లివారు గానీ, టి.నగర్ నగల దుకాణం గానీ, అంబత్తూరు ఫ్యాక్టరీ గానీ సర్టిఫికెట్ అడగరు. ఇంతకుముందు తీసినవి చూపించమంటారు. డిగ్రీ, డిప్లొమా నిజంగా అక్కరకొచ్చేది మామూలుగా మూడు చోట్ల: ప్రభుత్వ శాఖల్లో ఫొటోగ్రాఫర్ పోస్టులకు, కాలేజీలో పాఠం చెప్పడానికి, విదేశాల్లో పైచదువుకు. మీ దారి ఈ మూడూ కాకపోతే సర్టిఫికెట్ గురించి బెంగ పడొద్దు. అయితే సర్టిఫికెట్ వేరు, శిక్షణ వేరు. శిక్షణ తప్పించుకునే దారి ఎవరికీ లేదు.

రాజా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. తర్వాత ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. పేరుమోసిన ఫొటో జర్నలిస్టు రఘు రాయ్ చదివింది సివిల్ ఇంజినీరింగ్. దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలా మాత్రం బొంబాయి జేజే స్కూల్లో కళ చదువుకుంది. దారులు ఇన్ని రకాలు.

రెండో ప్రశ్నకు జవాబు వివరంగా చెప్పాలి. ఫొటోగ్రాఫర్‌కు త్రికోణమితి అక్కర్లేదు, కలనగణితం అక్కర్లేదు. అవి లెన్సులు తయారుచేసేవాళ్లకు. మీకు కావలసింది ఏడెనిమిది తరగతుల లెక్కలే: రెట్టింపు, సగం, వర్గం, శాతం. కానీ వాటిని కాగితం మీద చేస్తే కుదరదు. భజంత్రీలు మోగుతూ, నలువైపులా అక్షతలు పడుతూ, మూడు ముళ్లు పడిపోతున్న ఆ కొద్ది సెకన్లలో నోటిలెక్కగా చేయాలి. లెక్క తేలికే, వేగమే కష్టం. సాధన చేయాల్సింది వేగానికి.

స్టాపు లెక్క

వెలుతురు రెట్టింపైతే ఒక స్టాప్ పెరిగినట్టు, సగమైతే ఒక స్టాప్ తగ్గినట్టు. షట్టర్ స్పీడ్ (షట్టర్ సెకనులో ఎన్నో వంతు తెరిచి ఉంటుందో), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) ఈ లెక్కకు నేరుగా సరిపోతాయి. 1/50తో పోలిస్తే 1/100లో సగం వెలుతురే లోపలికి వస్తుంది. ఐఎస్ఓ 800 నుంచి 1600కు పెంచితే ఫొటో ఒక స్టాప్ తేటపడుతుంది.

తికమక పెట్టేది అపర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం. దాన్ని ఎఫ్ అంకెలతో చెబుతారు: 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16... వీటిలో రెట్టింపులు పైకి కనిపించవు. కారణం వృత్త వైశాల్యం. 50 మి.మీ. లెన్సులో ఎఫ్ 2 దగ్గర రంధ్రం వ్యాసం 25 మి.మీ., ఎఫ్ 4 దగ్గర 12.5 మి.మీ. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది, అంటే రెండు స్టాపులు పోయినట్టు. ఒక్క స్టాపే తగ్గాలంటే వ్యాసాన్ని రెండు వర్గమూలంతో, అంటే 1.4తో భాగించాలి. వరుస బట్టీ పట్టడానికి ఒక చిట్కా ఉంది. ఒకటి విడిచి ఒకటి చదవండి: 1.4, 2.8, 5.6, 11. మళ్లీ 2, 4, 8, 16. రెండు వరుసల్లోనూ ప్రతిదీ ముందుదానికి రెట్టింపే. 11.2ని సౌకర్యం కోసం 11 అని రాస్తారు, అంతే.

సాధారణంగా కెమెరా డయల్ మూడు క్లిక్కులు తిరిగితే ఒక స్టాప్. మీ కెమెరా మెనూలో అర స్టాప్ పెట్టి ఉంటే రెండు క్లిక్కులే. ముందు అది చూసుకోండి. చీకట్లో తెర చూడకుండా క్లిక్కులు లెక్కపెట్టి మార్చడం వేళ్లకు అలవాటు కావాలి.

ఇప్పుడు మండపంలోకి వద్దాం. 1/100, ఎఫ్ 2.8, ఐఎస్ఓ 1600 దగ్గర పెళ్లికూతురు ముఖం సరిగ్గా వస్తోంది. ఇంతలో మేనమామలంతా రెండు వరుసల్లో నిలబడ్డారు. వెనక వరుస కూడా స్పష్టంగా రావాలంటే ఎఫ్ 5.6 కావాలి. రెండు స్టాపులు పోయాయి, వాటిని ఎక్కడినుంచో తేవాలి. ఒకటి షట్టర్ దగ్గర తీసుకుంటే 1/50, కదలకుండా నిలబడ్డవాళ్లకు అది చాలు. ఇంకొకటి ఐఎస్ఓ దగ్గర, 3200. అదే తలంబ్రాలు పోసుకునేటప్పుడైతే 1/50లో చేతులు చెదిరిపోతాయి. అప్పుడు షట్టర్‌ను కదపకుండా రెండు స్టాపులూ ఐఎస్ఓ మీదే వేసి 6400కు వెళ్లాలి, లేదా ఫ్లాష్ వాడాలి. లెక్క ఒకటే, తీర్పు మాత్రం సందర్భాన్ని బట్టి మారుతుంది. లెక్క తడుముకోకుండా వస్తేనే తీర్పుకు టైము మిగులుతుంది.

సాధనకు కెమెరా కూడా అక్కర్లేదు. బస్సులో పక్కన ఉన్న స్నేహితుణ్ని అడగమనండి: “1/200, ఎఫ్ 4, ఐఎస్ఓ 800. ఎఫ్ 8 కావాలి, షట్టర్ మారకూడదు.” జవాబు 3200. రోజుకు ఇలాంటివి ఇరవై, రెండు మూడు వారాలు చేస్తే వేళ్లు వాటంతటవే తిరుగుతాయి.

ముఖాలు రెండు, ఫోకస్ ఒకటి

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 85 మి.మీ. లెన్స్, ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ ముక్కంత సెన్సర్ ఉన్న) కెమెరా, రెండు మీటర్ల దూరం, ఎఫ్ 1.8: స్పష్టంగా వచ్చే లోతు సుమారు 6 సెం.మీ. ఎఫ్ 4 పెట్టినా 13 సెం.మీ. దాటదు. జీలకర్ర బెల్లం వేళ వధూవరులు ఎదురెదురుగా ఉంటారు. మీరు సరిగ్గా పక్కనుంచి తీస్తే రెండు ముఖాలూ ఒకే దూరంలో ఉంటాయి, ఎఫ్ 2.8 కూడా సరిపోతుంది. ఏటవాలుగా నిలబడితే రెండు ముఖాల మధ్య అడుగు తేడా వస్తుంది, ఒకరు మసకబారతారు. బ్యాక్‌గ్రౌండ్ మసకగా రావాలన్న మోజుతో ఎఫ్ 1.8 పెట్టి పెళ్లికొడుకును పోగొట్టుకోవడం చాలా మామూలుగా జరిగే తప్పు. ముందు నిలబడే చోటు సరిచేసుకోండి, ఆ తర్వాతే అపర్చర్.

లైటు దూరం

ఈ వృత్తిలో అన్నిటికన్నా విలువైన లెక్క ఇదే. లైటును రెట్టింపు దూరం జరిపితే వెలుతురు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. గ్రూప్ ఫొటోలో ఫ్లాష్ నుంచి ముందు వరుస 1.5 మీటర్లలో, వెనక వరుస 3 మీటర్లలో ఉందనుకోండి. రెండు వరుసలకూ రెండు స్టాపుల తేడా. ముందున్న పిన్నిగారు తెల్లగా పేలిపోతారు, వెనకున్న బావగారు నల్లగా వస్తారు. ఎడిటింగ్‌లో దీన్ని పూర్తిగా సరిచేయలేరు.

లైటును వెనక్కి జరిపి, ముందు వరుస 4.5 మీటర్లలో, వెనక వరుస 6 మీటర్లలో ఉండేలా పెట్టండి. 6ను 4.5తో భాగిస్తే 1.33, దాని వర్గం 1.78. తేడా ఇప్పుడు ఒక స్టాపు కన్నా తక్కువ. కానీ దూరం మూడు రెట్లయింది కాబట్టి ముందు వరుసకు వెలుతురు తొమ్మిదో వంతు పడుతుంది, సుమారు మూడు స్టాపులు. ఫ్లాష్ పవర్ 1/16లో ఉంటే 1/8, 1/4, 1/2 దాకా పెంచాలి. 1/2 దగ్గర ఫ్లాష్ మళ్లీ సిద్ధం కావడానికి ఎక్కువ టైము పడుతుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. రెండో సెట్ సెల్స్ జేబులో ఉండాలి.

అపర్చర్ అంకెలు బట్టీ పట్టారుగా, అవే ఇక్కడా పనికొస్తాయి. లైటును 1 మీటరు నుంచి 1.4కు, అక్కణ్నుంచి 2కు, 2.8కు, 4కు, 5.6కు జరిపితే జరిపిన ప్రతిసారీ ఒక్కో స్టాప్ తగ్గుతుంది. పెద్ద సాఫ్ట్‌బాక్సును (వెలుతురును మెత్తబరిచే గుడ్డ పెట్టెను) ముఖానికి మరీ దగ్గర పెడితే ఈ లెక్క కొంచెం తప్పుతుంది. కాస్త దూరం జరిగాక సరిపోతుంది.

ఫ్లాష్ బలాన్ని చెప్పే గైడ్ నంబర్ కూడా ఇలాంటిదే. ఐఎస్ఓ 100 దగ్గర మీటర్లలో గైడ్ నంబర్ 40 ఉన్న ఫ్లాష్‌ను 5 మీటర్ల దూరంలో నిండు పవర్‌తో నేరుగా కొడితే 40ని 5తో భాగించి ఎఫ్ 8. కప్పుకు కొట్టి బౌన్స్ చేస్తే దూరం పెరుగుతుంది, కప్పు కొంత మింగేస్తుంది. తక్కువలో తక్కువ రెండు స్టాపులు పోతాయనుకోండి. పాత కల్యాణ మండపాల్లో కప్పు ఎత్తుగా ఉండి, పచ్చరంగో లేత నీలమో వేసి ఉంటే అక్కడ బౌన్స్ మానేయండి. ఆ రంగంతా ముఖాల మీదికి దిగుతుంది.

ట్యూబులైట్లు, 50 హెర్ట్జ్

మన కరెంటు 50 హెర్ట్జ్. పాత చోక్ ట్యూబులైట్లు, చవకరకం ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, కంటికి తెలియదు. 1/100 షట్టర్ సరిగ్గా ఒక మినుకును పట్టుకుంటుంది, 1/50 రెండింటిని. అందుకే పైన మండపం లెక్కను 1/100 నుంచి మొదలుపెట్టాం. 1/250 పెడితే మినుకులో ఒక ముక్కే దొరుకుతుంది. ఒక ఫొటో తేటగా, మరోటి మందంగా, ఇంకోటి అడ్డచారలతో వస్తాయి. శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్‌లో ఇది ఇంకా ఎక్కువ. స్టేజీ వెనక పెట్టే ఎల్ఈడీ తెరల వేగం వేరు, ఈ సూత్రం వాటికి వర్తించదు. ముహూర్తానికి గంట ముందే వెళ్లి వేర్వేరు స్పీడ్లలో ఐదారు ఫొటోలు తీసి చారలు ఉన్నాయేమో పెద్దది చేసి చూడాలి. ఈ సాధనకు కోయంబేడు పూలమార్కెట్ తెల్లవారుజామున మంచి చోటు: రకరకాల దీపాలు, కదిలే మనుషులు.

డబ్బు లెక్క

కెమెరా లెక్కలు తప్పితే ఒక ఫొటో పోతుంది. ఈ లెక్క తప్పితే వృత్తే పోతుంది, చాలామంది మంచి ఫొటోగ్రాఫర్లు ఆగిపోయేదీ ఇక్కడే. ఉదాహరణకు సామాన్లన్నీ కలిపి 3,60,000 రూపాయలు పెట్టారు, మూడేళ్లు వాడతారు, ఏడాదికి 30 ఈవెంట్లు. ఒక్కో ఈవెంటుకు కెమెరా అరుగుదలే 4,000. అసిస్టెంట్, ఆల్బమ్, రాకపోకలు, హార్డ్‌డిస్కు కలపండి. తర్వాత మీ టైము కలపండి: 400 ఫొటోలు ఎడిట్ చేయడానికి ఒక్కోదానికి రెండు నిమిషాలైనా 13 గంటలు దాటుతుంది.

60,000కు ఒప్పుకున్న పనికి ఖర్చు 42,000 అయితే మిగిలేది 18,000. “బాబూ, పది శాతం తగ్గించు” అని పెళ్లిపెద్ద అడిగితే పోయేది 6,000, అంటే మీ లాభంలో మూడో వంతు. తగ్గించక తప్పకపోతే ఆల్బమ్‌లో షీట్లు తగ్గించండి, రేటు తగ్గించకండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఫొటోగ్రఫీ సేవలకు 18 శాతం. అది ముందే చెప్పకపోతే మీ జేబులోంచే పోతుంది.

ఆల్బమ్‌కూ ఒక చిన్న లెక్క. 24 మెగాపిక్సెల్ ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు. 36 అంగుళాల విప్పుడు పేజీ అంతా పరిస్తే అంగుళానికి 167 వస్తాయి, చేతిలో పట్టుకుని చూస్తే ఫరవాలేదు. అదే ఫొటోను సగానికి కత్తిరించి పరిస్తే 83. ముఖం చెదురుతుంది.

శిక్షణ ఎలా సంపాదించాలి

కాలేజీ ఇచ్చేవాటిలో విలువైనవి మూడు: గడువు పెట్టి పని ఇవ్వడం, తీసింది తప్పని ముఖం మీద చెప్పేవాళ్లు, సొంతంగా కొనలేని లైట్లు. బయట ఉంటే వీటిని మీరే సమకూర్చుకోవాలి.

మొదటి రెండు నెలలు ఒకే లెన్సు, మాన్యువల్ మోడ్ (అన్నీ మీరే పెట్టుకునేది). మెరీనాలో మిట్టమధ్యాహ్నం కెమెరాలోని లైట్ మీటరు చూడకుండా ఐఎస్ఓ 100, 1/100, ఎఫ్ 16తో మొదలుపెట్టండి. ఇసుక, నీళ్ల మీద కాంతి ఎక్కువ కాబట్టి అక్కడ ఎఫ్ 22 కావచ్చు. ఎంత తప్పిందో స్టాపుల్లో రాసుకోండి. మూడో నెలలో ఒక ఫ్లాష్, దానికి పెట్టే ఒక గొడుగు, ఒక మనిషి. దూరం మారుస్తూ అవే ఫొటోలు మళ్లీ మళ్లీ తీయండి.

తర్వాత అసిస్టెంట్‌గా చేరండి. పదైనా పెళ్లిళ్లు లైటు పట్టుకుని నిలబడితే గానీ క్రతువు వరుస ఒంటబట్టదు. తెలుగువారి ముహూర్తాలు చాలాసార్లు అర్ధరాత్రో తెల్లవారుజామునో ఉంటాయి, పగటి వెలుగు మీద ఆశ పెట్టుకోకూడదు. వియ్యంకులు తమిళులైతే “ఇంగ పారుంగ” (ఇటు చూడండి), “కొంచం తళ్ళి నిల్లుంగ” (కొంచెం జరిగి నిలబడండి) అని మర్యాదగా అనడం రావాలి. ఏసీ హాల్లోంచి చెన్నై ఉక్కలోకి వస్తే లెన్సు మీద ఆవిరి పడుతుంది. సంచి జిప్పు తీయకుండా అరగంట ఉంచండి. పని లేని రోజుల్లో లెన్సుల్ని 40–50 శాతం తేమలో ఉంచే డ్రై క్యాబినెట్‌లో పెట్టకపోతే ఫంగస్ పడుతుంది.

నెలకోసారి ఇరవై ఫొటోలు ప్రింటు వేయించి, మీకు బంధువు కాని సీనియర్‌కు చూపించి, ఏవి తీసేయాలో చెప్పమనండి. బాగున్నాయని మాత్రమే చెప్పేవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లొద్దు.

కాలేజీలోనే చదవాలనుకుంటే దారులున్నాయి. తరమణిలోని ఎంజీఆర్ ప్రభుత్వ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాటోగ్రఫీ, హైదరాబాద్ జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో (జేఎన్ఏఎఫ్‌ఏయూ) బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ, ఊటీలో లైట్ అండ్ లైఫ్ అకాడమీ. ఎక్కడైనా ఫీజు కట్టేముందు స్వయంగా వెళ్లి నాలుగు విషయాలు అడగండి. కిందటి బ్యాచ్ విద్యార్థులు తీసినవి చూపిస్తారా? మాస్టార్లవి కాదు, విద్యార్థులవే. ఒక్కో స్టూడియో లైటుకు ఎంతమంది విద్యార్థులు? వారానికి ఎన్నిసార్లు పనిని కూర్చోబెట్టి విమర్శిస్తారు? పాఠం చెప్పేవాళ్లు ఇప్పటికీ బయట పని చేస్తున్నారా? ఈ జవాబులు రాసుకుని ఇంటికొచ్చాక, ఆ ఫీజుతో ఏ లైట్లు, ఏ లెన్సులు వస్తాయో, ఎన్ని నెలల అద్దె గడుస్తుందో పక్కనే ఇంకో వరుసలో రాసి, రెండింటినీ ఇంట్లోవాళ్ల ముందు పెట్టండి.