తెలంగాణ పట్టణాల్లో ఇంటి అనుమతికి దరఖాస్తు ఎలా చేయాలి?

మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్ పరిధిలో ఇల్లు కట్టాలంటే 2020 నాటి టీఎస్ బీపాస్ (భవన అనుమతుల) చట్టం ప్రకారం అనుమతి ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి. స్థలం ఎంత, ఇల్లు ఎంత ఎత్తు అన్నదాన్ని బట్టి పద్ధతి మారుతుంది.

75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు కట్టుకుంటే అనుమతి అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్ట్రేషన్ చేసుకుంటే చాలు. అది దాటి 500 చదరపు మీటర్ల (సుమారు 600 గజాల) వరకు, ఎత్తు 10 మీటర్లకు మించని ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి వస్తుంది. ఇంకా పెద్దవైతే సింగిల్ విండో, అంటే అన్ని శాఖల అనుమతులకూ ఒకే దరఖాస్తు. 21 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలి, తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే.

మధ్యతరగతి ఇళ్లలో చాలావరకు రెండో రకంలోకే వస్తాయి. ఇందులో ఎవరూ ముందుగా వచ్చి చూడరు, మీరు రాసిచ్చినదాన్ని నమ్మి అనుమతి ఇస్తారు. తనిఖీ ఆ తర్వాత. తప్పుడు వివరాలిచ్చారని తేలితే 21 రోజుల్లోగా రద్దు చేయొచ్చు. ప్లాన్‌కు విరుద్ధంగా కడితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా ఉంది. నింపడం తేలికే కదా అని ఈ దరఖాస్తును పూర్తిగా మధ్యవర్తి చేతిలో పెట్టేయడం మంచిది కాదు. సంతకం మీదే.

అందుకే ముందు స్థలం కొలిపించండి. దస్తావేజులో 200 గజాలని ఉండి, నేల మీద 190 మాత్రమే తేలితే ప్లాన్ 190కే గీయించాలి. రోడ్డు విస్తరణలో కొంత పోయేట్టుంటే అది తీసేశాకే సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) కొలతలు మొదలవుతాయి. ప్లాట్ అనుమతి లేని లేఅవుట్‌లో ఉంటే ఎల్ఆర్ఎస్ (అలాంటి ప్లాట్లను క్రమబద్ధీకరించే పథకం) సంగతి ముందే తేల్చుకోవాలి. చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు), దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ జోన్‌లోనో ఉంటే ఎవరేం చెప్పినా డబ్బు పెట్టకండి.

రిజిస్టర్డ్ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు యజమానుల దస్తావేజులు), ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), స్థలం ఫొటో, లైసెన్సు ఉన్న ఇంజినీరు లేదా ఆర్కిటెక్టు గీసిన ప్లాన్ స్కాన్ చేసి దగ్గర పెట్టుకుంటే మిగతాది ఫారం నింపి ఫీజు కట్టడమే.

పెద్ద నిర్మాణాల్లో కట్టే విస్తీర్ణంలో 10 శాతం మున్సిపాలిటీకి తాకట్టు పెట్టాలి. ఇల్లు పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు (ఇంట్లో చేరొచ్చని ఇచ్చే పత్రం) మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి, అది వచ్చాకే ఆ తాకట్టు విడుదల చేస్తారు.