పాటల మీద నోటీసొచ్చిందా? కోపంతో ఫోన్ చేసే ముందు ఇది చదవండి

వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా బావమరిదికి చిన్న కాఫీ షాపుంది, ఆరు టేబుళ్లు, ఒక బ్లూటూత్ స్పీకరు, అంతే. మొన్న పొద్దున్నే ఫోను, "బావా, ఎవరో లాయరు నోటీసు పంపేడు, షాపులో పాటలేసినందుకు డబ్బులు కట్టాలంట, లేపోతే జైలంట, ఏటిది?" అని. భయం కన్నా కోపమే ఎక్కువుంది గొంతులో. నెలనెలా యాప్‌కి డబ్బులు కడుతున్నాను కదా మళ్లీ వీళ్లకి కట్టడమేటని వాడి బాధ. అప్పుడే అటు ఫోన్ చేసి నాలుగు మాటలు అనేద్దామని నంబరు కూడా నొక్కేసేడంట, నేను లైన్లో ఉండబట్టి ఆగేడు. ఆ రోజు వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నా. నేను లాయర్ని కాదు, కాకపోతే ఇలాంటి దెబ్బే ఒకసారి తిన్నాను, అది కింద చెప్తా.

మొట్టమొదటిది, నోటీసు చేతికొచ్చిన రోజు ఏమీ చెయ్యొద్దు. అందులో ఉన్న నంబరుకి ఫోన్ చెయ్యొద్దు, వాట్సాప్‌లో సారీ చెప్పొద్దు, తిట్టొద్దు కూడా. కవరు చించి పారేయకండి, దాని మీద పెన్నుతో ఏ తారీఖున అందిందో రాసి ఫోటో తీసి పెట్టుకోండి. ముఖ్యంగా ఫోన్లో పాటలు డిలీట్ చేసేయడం, సిస్టం ఫార్మాట్ కొట్టేయడం, హార్డ్ డిస్క్ మార్చేయడం లాంటి తెలివితేటలు వద్దు. అమెరికాలో మ్యూజిక్ కంపెనీలు మామూలు జనం మీద కేసులేసిన రోజుల్లో మిన్నెసోటా రాష్ట్రంలో ఒకావిడ 24 పాటల కేసులో కోర్టుకెళ్లింది, ఆవిడ కంప్యూటర్లో హార్డ్ డిస్క్ మారిన సంగతి బయటపడి అదే ఆవిడకి ఎదురు తిరిగింది. 2007లో జ్యూరీ 2,22,000 డాలర్లు వేసింది, 2009లో మళ్లీ విచారణ జరిగితే 19,20,000 డాలర్లకెళ్లింది, అంటే పాటకి 80,000 అన్నమాట, తర్వాత తగ్గించడాలు పెంచడాలు అయ్యి చివరికి 2012లో అప్పీలు కోర్టు మళ్లీ 2,22,000 దగ్గరే తేల్చింది. మొదట్లో కొన్ని వేల డాలర్లకి సెటిల్ చేసుకోమంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఒప్పుకోవాల్సిందా లేదా అన్నది వేరే సంగతి, కాని సాక్ష్యం చెరిపినట్టు కనిపిస్తే మాత్రం మీ మాట ఎవడూ నమ్మడు.

రెండోది, ఆ కాగితం ఎవరు పంపేరో చూడండి. లాయరు నోటీసు వేరు, కోర్టు సమన్లు వేరు. లాయరు నోటీసులో "7 రోజుల్లో కట్టాలి" అని ఉంటే ఆ 7 రోజులు వాళ్లు పెట్టుకున్న గడువు, చట్టం పెట్టింది కాదు, అలాగని మూల పడెయ్యకూడదు. కోర్టు సమన్లైతే మాత్రం మామూలుగా 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు వెయ్యాలి, అక్కడ ఆలస్యం చేస్తే మీ మాట వినకుండానే కేసు అయిపోతుంది. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుని మొదటిదానికి హడలిపోయి రెండోదాన్ని పక్కన పడేస్తారు, చెయ్యాల్సింది సరిగ్గా దానికి రివర్సు.

ఇక నా దెబ్బ. 2011 ఆ టైములో మద్దిలపాలెంలో నాకు సెల్ షాపుండేది. రీఛార్జులు, పౌచ్‌లు, సాయంత్రం అయ్యేసరికి మెమరీ కార్డుల్లో పాటలెక్కించడం, 2 జీబీ కార్డు నిండా ఎక్కిస్తే 30 రూపాయలు. కాలేజీ కుర్రాళ్లు లైను కట్టేవారు. తప్పే, కాదనను, ఒకరి పాటలు కాపీ కొట్టి అమ్మడం ఏ లెక్కన చూసినా తప్పే. ఒకరోజు ముగ్గురొచ్చేరు, ఒకడి మెడలో ట్యాగు వేలాడుతోంది, మ్యూజిక్ కంపెనీ తరఫునని చెప్పి మౌస్ నా చేతిలోంచి లాక్కుని ఫోల్డర్లు తెరిచేసి, సీపీయూ వైర్లు పీకెయ్యడం మొదలెట్టేరు. పదిహేను వేలడిగి తొమ్మిది వేలు నగదు పట్టుకెళ్లేరు. రసీదు లేదు, పేరు లేదు, మళ్లీ కనిపించలేదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 64 ప్రకారం వారెంటు లేకుండా ఇలాంటివి స్వాధీనం చేసుకోగలిగేది పోలీసులు, అదీ ఎస్ఐ ర్యాంకుకి తగ్గని అధికారి, స్వాధీనం చేసుకున్నవి మేజిస్ట్రేటు ముందు పెట్టాలి, అందులో తమకి హక్కుందనుకున్నవాళ్లు 15 రోజుల్లోపు తిరిగిమ్మని మేజిస్ట్రేటుకి అర్జీ పెట్టుకోవచ్చు. ఇదంతా నాకు నాలుగేళ్ల తర్వాత తెలిసింది. ఎవరైనా నేరుగా షాపుకొస్తే ఐడీ కార్డు, అథరైజేషన్ లెటరు అడగండి, పోలీసుల్లేకుండా ఏ వస్తువూ ముట్టుకోనివ్వకండి, పోలీసులే వస్తే అడ్డుపడకుండా తీసుకెళ్లినవాటి లిస్టు రాయించుకుని సంతకంతో ఒక కాపీ తీసుకోండి.

మూడోది, మీ పని ఏ గూట్లో పడుతుందో నిజాయితీగా లెక్క చూసుకోండి, ఇక్కడ మనకి మనమే అబద్ధం చెప్పుకుంటే తర్వాత చెయ్యాల్సినవేవీ పనికిరావు. డబ్బు కట్టిన యాప్‌లో ఇంట్లో వినడం వేరు, అదే యాప్ షాపులో పదిమందికి వినిపించడం వేరు, ఆ యాప్‌ల షరతుల్లోనే సొంత వాడకానికి మాత్రమే అని ఉంటుంది. మా బావమరిది ఎగిరెగిరి పడింది దీని మీదే, చదివి వినిపిస్తే చల్లారేడు. పెళ్లికైతే చట్టంలోనే వెసులుబాటుంది, సెక్షన్ 52(1)(za) కింద మతపరమైన కార్యక్రమాలు, ప్రభుత్వ కార్యక్రమాల్లో పాటలేస్తే ఉల్లంఘన కాదు, పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన వేడుకలు కూడా ఇందులోకే వస్తాయని అక్కడే వివరణ ఉంది. 2023 జూలైలో కేంద్రంలో కాపీరైట్ వ్యవహారాలు చూసే డీపీఐఐటీ శాఖ కూడా పెళ్లిళ్లలో పాటలకి రాయల్టీ అడగొద్దని బహిరంగ నోటీసిచ్చింది. బీచ్ రోడ్డు హోటల్లో సంగీత్ పెట్టుకుని ఎవడో లైసెన్సు అడిగితే ఈ సెక్షను చూపించండి. అదే హోటల్లో టిక్కెట్లమ్మి న్యూ ఇయర్ పార్టీ పెడితే మాత్రం ఈ సెక్షను మీకు అక్కరకి రాదు. యూట్యూబ్‌లో మీ వీడియో మీద క్లెయిమ్, అంటే ఈ పాట మాదని ఎవరైనా చెప్పుకోవడం, వచ్చిందంటే అది కేసు కాదు, యాడ్ డబ్బులు వాళ్లకెళ్తాయి అంతే చాలాసార్లు, స్ట్రైక్ అయితే కాస్త సీరియస్, 90 రోజుల్లో మూడొస్తే ఛానెలే ఎగిరిపోతుంది.

షేరింగ్ సంగతి విడిగా చెప్పాలి. టోరెంట్‌లో మనం దింపుకుంటున్నాం అనుకుంటాం గాని దిగుతున్న ముక్కలు అదే టైములో మన సిస్టం నుంచి ఇంకొకడికి వెళ్తుంటాయి, అంటే వినేవాడే కాదు పంచేవాడు కూడా మనమే అవుతాం. అమెరికాలో కజా లాంటి సాఫ్ట్‌వేర్లు వాడినవాళ్లు దొరికిపోయింది ఇలాగే, షేర్డ్ ఫోల్డరు తెరిచుండేది, కంపెనీ మనుషులు బయట నుంచే పాటల లిస్టు చూసి ఐపీ అడ్రస్, అంటే నెట్ కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబరు, రాసుకునేవారు. కాని ఐపీ అడ్రస్ చూపించేది కనెక్షను ఎవరి పేరు మీదుందో, కీబోర్డు ముందు ఎవడు కూర్చున్నాడో కాదు. అందుకే అక్కడ పరువు పోయే తప్పులు జరిగాయి. కజా నడవని మ్యాక్ కంప్యూటర్ వాడే 66 ఏళ్ల శిల్పిణి మీద పాటల కేసేసి తర్వాత వెనక్కి తీసుకున్నారు. 2005లో, అప్పటికే చనిపోయిన 83 ఏళ్ల ముసలావిడ మీద కూడా వేసేరు, ఆవిడకి అసలు కంప్యూటరంటేనే గిట్టదని కూతురు చెప్పుకొచ్చింది. మీ వైఫై పాస్‌వర్డు పై వాటాలో ఉన్నవాళ్లకిచ్చినా, పీజీ హాస్టల్ నడుపుతున్నా ఈ పాయింటు మీకు పనికొస్తుంది, నోటీసులో ఐపీ అడ్రస్, తారీఖు, టైము ఉన్నాయా అని చూడండి, లేకపోతే అడగండి.

నాలుగోది జవాబు. తప్పకుండా కాగితం మీదే ఇవ్వాలి, ట్రాకింగ్ ఉండేలా స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు నోటీసుకే పిన్ను కొట్టి పెట్టుకోండి. అందులో అడగాల్సినవి ఏ పాటలు, ఏ తారీఖున, ఎక్కడ వేసినట్టు మీ దగ్గర ఆధారముంది, ఆ పాటల్లో మీకున్న హక్కు ఏమిటి, దాని పత్రాల కాపీ ఇవ్వండి, అడుగుతున్న మొత్తం ఏ టారిఫ్ (రేట్ల పట్టిక) ప్రకారం లెక్కగట్టేరు. మా బావమరిదికొచ్చిన మూడు పేజీల్లో ఒక్క పాట పేరు కూడా లేదు! జైలు గురించి మాత్రం రెండు పేరాలుంది. సెక్షన్ 63లో ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నమాట నిజమే, కాని అది తెలిసి చేసినవాడికి, అదీ కోర్టు తేల్చాక. ఊరికే బెదిరించినవాడి మీద తిరిగి దావా వెయ్యడానికి సెక్షన్ 60 కూడా అదే చట్టంలో ఉంది. జవాబులో "తెలియక వేశానండి క్షమించండి" అని రాయకండి, అది ఒప్పుకున్నట్టే, అలాగని "మా షాపులో ఎప్పుడూ పాటలెయ్యలేదు" అని అబద్ధమూ రాయకండి, గోడమీద స్పీకరు మేకులుంటాయి, ఇన్‌స్టాలో మీ షాపు రీల్సే ఉంటాయి.

హక్కు పత్రాలు ఎందుకు అడగాలంటే పాటకి యజమాని ఒక్కడు కాదు. సాహిత్యం, బాణీ ఒక వైపు, రికార్డింగ్ ఇంకో వైపు. మొదటిదాని తరఫున ఐపీఆర్ఎస్ అనే సంస్థ డబ్బులు అడుగుతుంది, రెండోదాని తరఫున పీపీఎల్, నోవెక్స్ లాంటి సంస్థలవాళ్లు, ఒకరికి కట్టినంత మాత్రాన రెండోవాళ్లది తీరిపోదు. పాత పాటలే కదా ఏమవుతుందిలే అనుకోకండి. రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటేడు నుంచి 60 ఏళ్లు, రాసినవాళ్ల హక్కు మాత్రం వాళ్లు పోయాక 60 ఏళ్లు. మన వైజాగులో పుట్టిన శ్రీశ్రీ 1983లో పోయేరు, అంటే ఆయన రాసిన పాట రికార్డింగ్ గడువు తీరిపోయినా సాహిత్యం మీద హక్కు 2043 దాకా ఉంటుంది.

లాయరుకి ఇచ్చుకోలేకపోతే జిల్లా కోర్టులోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితం, మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి చూస్తారు. 15100కి ఫోన్ చేసినా చెప్తారు. జవాబు ఒకసారి వాళ్లకి చూపించి పంపండి.

ఇక కట్టాలా పోరాడాలా. నిజంగా షాపులో వేస్తున్నారు, వాళ్లకి నిజంగా హక్కుంది, అడిగింది టారిఫ్‌కి దగ్గరగా ఉంది అంటే బేరమాడి కట్టేయడమే మేలు, నాకు ఇష్టం లేకపోయినా చెప్తున్నా. కట్టేటప్పుడు వెనకటి బాకీ మొత్తం తీరినట్టు రాయించుకోండి, తప్పు ఒప్పుకున్నట్టు కాదనీ రాయించుకోండి, లైసెన్సులో షాపు అడ్రసు, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా అన్నది ఉండాలి, జీఎస్టీ బిల్లు కావాలి. ఎవడి సొంత యూపీఐ నంబరుకీ ఒక్క రూపాయి కొట్టకండి. ముందే కొట్టేసి మోసమని తేలితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

కోపం సంగతి. న్యాయమైనదే. 2003 సెప్టెంబర్లో అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం ఆర్ఐఏఏ ఒకేసారి 261 మంది మీద కేసులేసింది, అందులో న్యూయార్క్‌లో 12 ఏళ్ల పిల్ల కూడా ఉంది, వాళ్లమ్మ 2,000 డాలర్లు కట్టి బయటపడింది. జనం మండిపడ్డారు, ఆ నెలాఖరుకే సెనేట్‌లో దీని మీద విచారణ పెట్టేరు. అయినా కేసులు ఐదేళ్లు నడిచాయి, వేలమంది మీద, చాలామంది 3,000 నుంచి 5,000 డాలర్లు కట్టి వదిలించుకున్నారు, కార్డు గీకి సెటిల్ చేసుకోడానికి ఒక వెబ్‌సైటే పెట్టేరంటే చూడండి. తిట్లకి వాళ్లేమీ ఆగలేదు. 2003 డిసెంబర్లో వెరైజన్ అనే ఇంటర్నెట్ కంపెనీ కోర్టులో గట్టిగా నిలబడి, జడ్జి దగ్గర కేసు వెయ్యకుండా ఊరికే కాగితం పంపి కస్టమర్ల పేర్లు లాగడం కుదరదని తీర్పు తెచ్చుకుంది, అప్పటి నుంచి ముందు పేరు తెలియని మనిషి మీద కేసేసి తర్వాత పేరు తెలుసుకోవాల్సి వచ్చింది. ఇలా గుంపుగా కేసులెయ్యడం ఆపేస్తున్నామని 2008 డిసెంబర్లో వాళ్లే చెప్పేరు. ఇంకోవైపు బోస్టన్ కుర్రాడొకడు హార్వర్డ్ ప్రొఫెసర్ని లాయరుగా పెట్టుకుని ఆవేశంగా వెళ్లి, బోనెక్కి అవును నేనే చేశానని చెప్పేసి, 30 పాటలకి 6,75,000 డాలర్లు నెత్తికెత్తుకున్నాడు. అందుకే మా వాడికి చెప్పేను, నీ కోపమంతా ఆ నాలుగు ప్రశ్నల్లో పెట్టు, ఫోన్లో వద్దని.

లెటరు వెళ్లి ఇవాళ్టికి పదకొండు రోజులు. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. స్పీకరు కౌంటరు కింద అట్టపెట్టెలో ఉంది, సాయంత్రం బ్యాచ్ కుర్రాళ్లు పాటల్లేవేంటన్నా అని రోజూ అడుగుతున్నారంట. నిన్న మళ్లీ ఫోను, "పోనీ బావా, టీవీ పెట్టి క్రికెట్ వేస్తే?" అని. దానికీ హక్కులున్నోడు వేరే ఉంటాడురా, ముందు ఆ కనెక్షను షాపు పేరు మీదుందో ఇంటి పేరు మీదుందో చూడమన్నాను.