వెటర్నరీ క్లినిక్‌లో జాలికీ ఫీజుకీ లెక్క కుదుర్చుకోవడం ఎలా

కొత్తగా క్లినిక్ పెట్టిన వెటర్నరీ డాక్టర్‌కి కేసు చూడటం కంటే బిల్లు చెప్పడమే కష్టం. కుక్కపిల్లను ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్న మనిషిని డబ్బులడగడానికి నోరు రాక సగమే తీసుకుని పంపిస్తారు, నెలాఖరుకి అద్దె, కాంపౌండర్ జీతం, మందుల డీలర్ బాకీ చూసుకుంటే టెన్షన్, ఆ చిరాకంతా తర్వాత వచ్చినవాళ్ల మీద పడుతుంది. అందుకే ఎవరికి ఎంత తగ్గించాలో టేబుల్ దగ్గర తేల్చుకోకండి. ముందే రాసి పెట్టుకోండి.

మొదట మీ ఖర్చెంతో తెలియాలి. కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం), సెలైన్, గ్లవ్స్ అందరూ లెక్కేస్తారు గానీ టీకాల ఫ్రిజ్‌కి ఇన్వర్టర్, రాత్రిపూట పేషెంట్ దగ్గర ఉండే మనిషి జీతం మర్చిపోతారు. కన్సల్టేషన్ తక్కువ పెట్టి మందుల మీద రాబట్టుకునే పద్ధతి నాకు అస్సలు నచ్చదు, అలా చేస్తే ఇవాళ కాకపోతే రేపు అవసరం లేని ఇంజెక్షన్ రాయాలనిపిస్తుంది. ఫీజే సరిగ్గా పెట్టుకోండి.

ఎక్కువగా కుక్కపిల్లలకి వచ్చే వైరస్ జబ్బు పార్వో కేసు తీసుకుందాం. టీకాలు వేయించని మూడు నెలల పిల్ల, వాంతులు, రక్త విరేచనాలు, కళ్లు లోపలికి పోయి ఉంటాయి. సెలైన్, వాంతులు ఆగడానికి మందు, యాంటీబయాటిక్, కాస్త కోలుకోగానే కొంచెం కొంచెంగా తిండి, ఇలా నాలుగైదు రోజులు పట్టొచ్చు, అయినా బతుకుతుందని మాట ఇవ్వలేం. కాన్యులా పెట్టి మొదటి సెలైన్ ఎక్కించడానికి డబ్బు కోసం ఆగకండి, అంతవరకు మీ ఖర్చే అనుకోండి. అది ఎక్కుతుండగా ఓనర్‌ని పక్కన కూర్చోబెట్టి కాగితం మీద రాసి చూపించండి: "ఈరోజుకి ఇంతవుతుందండీ, రేపు కూడా ఉంచితే ఇంత, మొత్తం ఇంత నుంచి ఇంత దాకా వెళ్లొచ్చు. మీకు ఎంతవరకు కుదురుతుందో చెప్పండి, దాన్నిబట్టి చేద్దాం." కుదరదంటే పగలు సెలైన్ పెట్టి రాత్రికి ఇంటికి పంపే ప్లాన్ చెప్పండి, దాంతో బతికే అవకాశం తగ్గుతుందని కూడా దాచకుండా చెప్పండి. డబ్బు లేనంత మాత్రాన వాళ్లకి ఆ పిల్ల మీద ప్రేమ లేనట్టు మాట్లాడొద్దు.

నెల ఆదాయంలో కొంత, నన్నడిగితే ఐదు శాతం, ఉచిత వైద్యానికి పక్కన పెట్టండి. వీధికుక్కలకైనా, నిజంగా లేనివాళ్ల పిల్లికైనా అందులోంచే. బిల్లులో పూర్తి రేటు రాసి కింద తగ్గించింది చూపించండి, లేకపోతే ఆ సగమే మీ రేటని ఊరంతా అనుకుంటుంది. ఆ డబ్బు అయిపోయిన నెలలో ప్రాణాపాయం లేని కేసుల్ని ప్రభుత్వ పశువైద్యశాలకో, దగ్గరుంటే రాజేంద్రనగర్, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులకో పంపండి. పశువులకైతే సంచార పశువైద్య వాహనాన్ని పిలిచే 1962 నంబర్ ఉండనే ఉంది. ఏటా జూలై 6న ప్రభుత్వ ఆసుపత్రుల్లో కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారని బోర్డు పెట్టండి, మీ టీకా గిరాకీ కాస్త తగ్గినా సరే.

పాడి రైతుల లెక్క వేరు. ఈనిన గేదె పాల జ్వరంతో, అంటే ఒంట్లో కాల్షియం తగ్గిపోయి పడిపోతే, గుండె చప్పుడు వింటూ కాల్షియం సీసా నెమ్మదిగా నరానికి ఎక్కించాక అది లేచి నిలబడితే, రైతు అడక్కుండానే డబ్బులిస్తాడు. చిక్కంతా రోజుల తరబడి లేవని గేదెతోనే, ఎన్నిసార్లు సూది వేయించినా చూలు కట్టని దానితోనే. అక్కడ వైద్యం ఖర్చు, గేదె ధర పక్కపక్కన పెట్టి మాట్లాడాలి, లాభం లేదనిపిస్తే ఇంకో నాలుగు సీసాలు ఎక్కించకుండా ఆ మాటే చెప్పేయాలి. చేతిలో డబ్బు లేదంటే డెయిరీ పాల బిల్లు ఎప్పుడొస్తుందో అడిగి, ఆ తేదీ వేసి బాకీ రాసుకోండి. ఆ రోజు ఫోన్ చేసినప్పుడు ముందు గేదె ఎలా ఉందో అడిగి, తర్వాత బాకీ సంగతెత్తండి.