ఆఫీసులో లాన్ కేబుల్ లాగించే ముందు చూసుకోవాల్సినవి

ముందు టేపు పట్టి దూరం కొలవండి. ర్యాక్‌లోని ప్యాచ్ ప్యానెల్ (కేబుళ్లన్నీ వచ్చి చేరే సాకెట్ల పలక) నుంచి గోడ సాకెట్ దాకా 90 మీటర్లు దాటకూడదు. రెండు చివర్ల ప్యాచ్ కార్డులకు (సాకెట్ నుంచి పరికరానికి తగిలించే పొట్టి కేబుళ్లు) కలిపి మరో 10 మీటర్లు. గోడ ఎక్కి దిగే పొడవూ లెక్కలోకే వస్తుంది.

– సెకనుకు 1 గిగాబిట్ వేగం చాలంటే క్యాట్ 6 రకం కేబుల్. అదే కేబుల్ మీద 10 గిగాబిట్ 55 మీటర్ల వరకే, కట్టలు కట్టి లాగితే ఇంకా తక్కువ. ఆపైన క్యాట్ 6ఏ తీసుకోండి.

– 305 మీటర్ల పెట్టె మరీ చవగ్గా వస్తోందంటే ఒక తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనబడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. నిరోధం ఎక్కువ కాబట్టి కెమెరాలకు, వైఫై యాక్సెస్ పాయింట్లకు ఇదే కేబుల్‌లో కరెంటు పంపితే వేడెక్కుతుంది, చివరికొచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది. సాకెట్ జాక్‌లో తీగను పంచ్ చేసేటప్పుడు, అంటే నొక్కి బిగించేటప్పుడు, పుటుక్కున తెగుతుంది కూడా. ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దనండి.

– కరెంటు వైర్లున్న పైపులో వేయనివ్వకండి.

– జాక్ దగ్గర కేబుల్ లోపలి తీగల జంటల మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పకూడదు. పని తొందరలో ఎక్కువగా చెడేది ఇక్కడే. రెండు చివర్లా తీగలకు ఒకే రంగుల వరుస, 568బి అనే ప్రామాణిక వరుస, ఉండాలి.

– ఫాల్స్ సీలింగ్ మూయకముందే ప్రతి పాయింటూ టెస్ట్ చేయించండి. లైట్లు వెలిగే చిన్న టెస్టర్ తీగలు కలిశాయో లేదో మాత్రమే చెబుతుంది, వేగం సంగతి చెప్పదు.