గంగ లోయలో రాఫ్టింగ్‌కు బయలుదేరే ఓరుగల్లు వారికి కొన్ని జాగ్రత్తలు

ఇంటర్ పరీక్షలు ముగిసి ఎండలు ముదరగానే కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఢిల్లీ మీదుగా హరిద్వార్, ఋషికేశ్ చేరుకునే కుటుంబాలు, స్నేహ బృందాలు హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల ప్రాంతాల్లో చాలానే కనిపిస్తాయి. తీర్థయాత్రగా మొదలైన ఆ ప్రయాణంలో ఇప్పుడు ఒక పూట రాఫ్టింగ్, అంటే గాలి నింపిన రబ్బరు పడవలో (రాఫ్టులో) తెడ్లు వేస్తూ ఉరవడి నీటిలో సాగడం, కూడా చేరిపోయింది. దేవప్రయాగలో అలకనంద, భాగీరథి కలిసి గంగగా మారిన తరువాత ఋషికేశ్ దగ్గర మైదానంలోకి దిగేవరకు నది నిటారైన కొండల నడుమ, ఇరుకు లోయలో, బండరాళ్లను ఒరుసుకుంటూ ప్రవహిస్తుంది. రాఫ్టింగ్ జరిగేది అక్కడే. లైసెన్సు ఉన్న గైడ్ వెంట ఉంటే ఈ ప్రయాణం చాలామందికి క్షేమంగానే ముగుస్తుంది. అయితే గైడ్ చేయగలిగింది రాఫ్టును సరైన నీటిదారిలో నడపడం, నీళ్లలో పడినవారి వైపు తాడు విసరడం, అందినవారిని పైకి లాగడం వరకే. పడిన తొలి నిమిషంలో ఏం చేయాలో పడిన మనిషికే తెలిసి ఉండాలి, అది ఒడ్డు మీద ఉండగానే నేర్చుకోవాలి.

మన వైపు ఈత వచ్చినవారిలో ఎక్కువమంది పొలాల దగ్గర వ్యవసాయ బావుల్లో, నడుముకు బెండ్లో ఖాళీ డబ్బానో కట్టుకుని నేర్చుకున్నవారు. బావి నీరు నిలకడ నీరు. అలసిపోతే మెట్టు అందుతుంది, గట్టు మీద నుంచి చూసేవారు కనిపిస్తూనే ఉంటారు. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) కాకతీయ కాలువ నిండుగా పారుతున్నప్పుడు దిగినవారికి నీటి లాగుడు ఎంతో కొంత తెలుసు గానీ, కాలువ అడుగున కాలు ఇరుక్కునే బండల సందులు ఉండవు. లోయ నదిలో అసలు భయం ఆ సందులతోనే. అందుచేత ఈత రానివారి కంటే ఈత వచ్చునన్న ధీమా ఉన్నవారినే నేను ముందుగా హెచ్చరిస్తాను. రానివారు గైడ్ మాట వింటారు. వచ్చినవారు తమ చేతులను నమ్ముకుంటారు. ఈత రాకపోయినా లైఫ్ జాకెట్ వేసుకుని సులువైన భాగాల్లో వెళ్లడానికి అభ్యంతరం లేదు, కానీ ఆ సంగతి దాచకుండా బయలుదేరే ముందే గైడ్‌కు చెప్పాలి.

ఋషికేశ్‌లో రాఫ్టింగ్ సాధారణంగా సెప్టెంబర్ చివర మొదలై జూన్ చివరి వరకు సాగుతుంది. జూలై, ఆగస్టు నెలల్లో వర్షాల కారణంగా దానిని ప్రభుత్వమే నిలిపివేస్తుంది. ఆ రోజుల్లో ఎవరైనా లోపాయికారీగా తీసుకువెళ్తామంటే ధర ఎంత తగ్గించినా ఒప్పుకోరాదు. వరదలో ఉన్న నది ఎంతకు తెగిస్తుందో మన జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. 2019 సెప్టెంబర్ 15న వరద గోదావరిలో, పాపికొండల దారిలో, కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటులో మన ఓరుగల్లు దగ్గరి కడిపికొండ నుంచి వెళ్లినవారూ ఉన్నారు. బతుకమ్మ, దసరా సెలవులకు వెళ్లేవారు వానాకాలపు నీరు ఇంకా పూర్తిగా తగ్గి ఉండకపోవచ్చునని, మే, జూన్ నెలల్లో వెళ్లేవారు మంచు కరిగి నీటిమట్టం పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. ఏ నెలలోనైనా ఆ నీరు చల్లగానే ఉంటుంది. 44 డిగ్రీల ఎండను విడిచి వెళ్లిన శరీరం ఒక్కసారిగా ఆ నీటిలో పడితే ఊపిరి దానంతట అదే ఎగబీల్చుకుంటుంది, ఆ క్షణంలో నోరు నీటి కింద ఉంటే ప్రమాదం. రాఫ్ట్ ఎక్కే ముందు ఒడ్డున మోకాలి లోతు మించకుండా నిలబడి ముఖం, మెడ, ఛాతీ బాగా తడుపుకుంటే ఆ అదురు కొంత తగ్గుతుంది.

నీరు ఉరకలెత్తే చోట్లను ర్యాపిడ్‌లంటారు, వాటి కష్టాన్ని 1 నుంచి 6 వరకు గ్రేడ్లుగా లెక్కిస్తారు. గ్రేడ్ 2 వరకు పిల్లకాలువ అలల సరదాయే. గ్రేడ్ 3లో అలలు ఒక క్రమం లేకుండా లేస్తాయి, అందరూ కలిసి తెడ్డు వేస్తే తప్ప రాఫ్ట్ దారిలో ఉండదు. గ్రేడ్ 4లో పడినవారు తమంతట తాము ఒడ్డు చేరడం కష్టం. నీటిమట్టం మారితే అదే ర్యాపిడ్ గ్రేడ్ కూడా మారుతుంది కాబట్టి నిరుడు వెళ్లివచ్చిన బంధువు చెప్పిన మాట ఈ ఏటికి సరిపోకపోవచ్చు. బ్రహ్మపురి నుంచి ఋషికేశ్ వరకు ఉన్న చిన్న భాగం మొదటిసారి వెళ్లేవారికి అనువైనది. శివపురి నుంచి దాదాపు 16 కిలోమీటర్లు వచ్చే భాగంలో రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ అనే ర్యాపిడ్‌లు ఉన్నాయి; పేర్లు వింటే నుమాయిష్‌లో ఆటల్లా ఉంటాయి గానీ రాఫ్టులు బోల్తాపడే స్థలాలే అవి. ఇంకా పైన కౌడియాల నుంచి మొదలయ్యే దూరప్రయాణంలో ‘ద వాల్’ వంటి గ్రేడ్ 4 ర్యాపిడ్ ఎదురవుతుంది. పెద్దవాళ్లు, మొదటిసారి వచ్చినవాళ్లు ఉన్న కుటుంబానికి కౌడియాల ప్రయాణం తగదనే నేనంటాను. మనకు కాస్త దగ్గరలో ఉన్న మహారాష్ట్రలోని కొలాడ్, కర్ణాటకలోని దండేలి వంటి చోట్లకు వెళ్లేవారు అక్కడి ప్రవాహం డ్యామ్ నుంచి విడిచే నీటిపై ఆధారపడి ఉంటుంది కనుక, ఆ రోజు నీరు ఎప్పుడు విడుస్తారో ముందే కనుక్కోవాలి.

నిర్వాహకులను ఎంచుకునేటప్పుడు బేరం ఆడటం తప్పు కాదు, కానీ బేరం రాఫ్టులో మనుషుల సంఖ్య మీదికి వెళ్లకూడదు. ‘పదిమందీ ఒకే రాఫ్టులో సర్దుకుంటాం, రేటు తగ్గించండి’ అని మన బృందాలే అడగడం కద్దు. రాఫ్ట్ పరిమాణాన్ని బట్టి ఆరుగురో ఎనిమిదిమందో, వారితో గైడ్; అంతకు మించితే తెడ్డు వేసే చేతులు ఒకదానికొకటి అడ్డుపడతాయి. రాష్ట్ర పర్యాటక శాఖ ఇచ్చిన లైసెన్సు చూపమని అడగాలి. రాఫ్టుకు ముందు నడుస్తూ పడినవారిని అందుకునే సేఫ్టీ కయాక్ (ఒక్కరు నడిపే చిన్న పడవ) ఉందా, రాఫ్టులో విసిరే తాడు ఉన్న సంచి, ప్రథమ చికిత్స పెట్టె ఉన్నాయా, హెల్మెట్లు అందరి తలలకు సరిపోతాయా అన్నవి కూడా అడిగి, కళ్లతో చూసి తెలుసుకోవాలి. ఈ ప్రశ్నలకు విసుక్కునేవారి దగ్గర డబ్బు కట్టకపోవడమే మేలు. ఉత్తరాఖండ్‌లో 14 ఏళ్ల లోపు పిల్లలను రాఫ్టింగ్‌కు అనుమతించరు. ‘మా అబ్బాయి ఎత్తుగా ఉంటాడు’ అని వయసు పెంచి రాయించడం పిల్లవాడికి మేలు చేయడం కాదు.

సంతకం పెట్టమని ఇచ్చే పత్రంలో ఆరోగ్యం గురించి అడుగుతారు. దానిని చదవకుండా సంతకం చేసేవారే ఎక్కువ. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు, ఈమధ్యనే ఆపరేషన్ అయినవారు, భుజం జారే అలవాటు ఉన్నవారు వెళ్లరాదు. ఉబ్బసం ఉన్నవారు డాక్టర్ అనుమతి ఉంటేనే వెళ్లాలి, ఇన్‌హేలర్‌ను తడవని సంచిలో పెట్టించి ఆ సంగతి గైడ్‌కు చెప్పాలి. చక్కెర వ్యాధికి మందులు వాడేవారు పొద్దున ఖాళీ కడుపుతో బయలుదేరితే నది మధ్యలో కళ్లు తిరిగే ప్రమాదం ఉంది. అలాగని పూరీలు, పరాఠాలు నిండా తిని ఎక్కడం కూడా మంచిది కాదు. దాదాపు ఒక రోజు రైలు, ఆపైన బస్సు ప్రయాణం చేసి దిగిన రోజునే రాఫ్ట్ ఎక్కకుండా ఒక రాత్రి నిద్రపోవాలి. ముందురోజు రాత్రి మద్యం తాగినవారిని, పొద్దున వారెంత బాగున్నామన్నా, బృంద పెద్ద ఒడ్డు మీదే ఆపేయాలి.

బట్టల విషయంలో మొహమాటం పనికిరాదు. జీన్స్, నూలు బట్టలు నీరు పీల్చి బరువెక్కుతాయి, ఆరక చలి పుట్టిస్తాయి. చీర, చున్నీ, లుంగీ రాఫ్టులో తాళ్లకో తెడ్డుకో చిక్కుకుంటే మనిషినే లాగుతాయి. త్వరగా ఆరే నైలాన్ టీషర్టు, ట్రాక్ ప్యాంటు ఆడవారికీ మగవారికీ సరిపోతాయి. చెప్పులు మొదటి అలకే పోతాయి; మడమ వెనుక పట్టీ ఉన్న చెప్పులు గానీ పాత బూట్లు గానీ వేసుకోవాలి. పుస్తెలతాడు తీయడం ఇష్టం లేని పెద్దలు ఇంట్లో ఉంటారు. వారిని ఒత్తిడి చేయకుండా, దానిని లోపలి దుస్తుల కిందికి, జాకెట్ పట్టీలకు తగలకుండా దోపుకోమని చెప్పవచ్చు; మిగిలిన గొలుసులు, ఉంగరాలు, గాజులు మాత్రం గదిలోనే వదలాలి. కళ్లద్దాలకు వెనుక నుంచి తాడు కట్టుకోవాలి. ఫోన్ చేతిలో ఉంటే తెడ్డు చేతిలో ఉండదు కాబట్టి దానిని గైడ్ దగ్గరి తడవని సంచిలో వేయాలి.

లైఫ్ జాకెట్‌ను ఎవరికి వారు చూసుకుంటే చాలదు. అన్ని బకిళ్లు పెట్టి, కింది పట్టీతో మొదలుపెట్టి పైకి బిగించిన తరువాత, పక్కనున్నవారిని రెండు భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా పైకి లేపమనాలి. జాకెట్ జారి గడ్డం దాటి ముక్కు దాకా వస్తే అది వదులుగా ఉన్నట్టు. నీటిలో కూడా అలాగే పైకి లేచి ముఖాన్ని కప్పేస్తుంది. లావుగా ఉన్నవారు ఊపిరాడటం లేదని నడుము దగ్గర పట్టీ వదులు చేసుకుంటారు, దానికి మందు పెద్ద సైజు జాకెట్ అడగడమే. హెల్మెట్ నుదుటిని కప్పాలి, తల వెనక్కి వాలిస్తే జారకూడదు.

గైడ్‌లు మాట్లాడేది హిందీ, ఆజ్ఞలు ఇచ్చేది ఇంగ్లిష్ మాటల్లో. ‘ఫార్వర్డ్’ అంటే తెడ్డు ముందుకు వేయాలి, ‘బ్యాక్’ అంటే వెనక్కి, ‘స్టాప్’ అంటే తెడ్డు ఆపాలి, ‘హోల్డ్ ఆన్’ అంటే పక్క తాడు పట్టుకోవాలి, ‘గెట్ డౌన్’ అంటే రాఫ్ట్ లోపలికి కూర్చోవాలి. హిందీ అలవాటు లేని పిన్ని, బాబాయి వరసవారికి ర్యాపిడ్ నడుమ తెలుగులో చెప్పబోతే సమయం దాటిపోతుంది కాబట్టి ముందురోజు రాత్రి గదిలోనే వారిని కూర్చోబెట్టి ఈ మాటలు అలవాటు చేయించాలి. తెడ్డు పై కొసన అడ్డంగా ఉండే పిడి మీద నుంచి చేయి ఎప్పుడూ తీయకూడదు. అలకు ఎగిరిన ఆ పిడి పక్కవారి పళ్లు రాలగొట్టగలదు. రాఫ్ట్ బండకు తగిలి ఒక వైపు లేస్తే అందరూ భయంతో బండకు దూరంగా జరుగుతారు. చేయవలసింది అందుకు పూర్తిగా వ్యతిరేకం: బండ వైపే ఒరగాలి. లేకుంటే నీరు రెండో వైపు నుంచి ఎక్కి రాఫ్టును తిప్పేస్తుంది.

ఇక నీళ్లలో పడితే. మొదట రాఫ్టు చుట్టూ ఉన్న తాడు అందుతుందేమో చూడాలి. అందితే పట్టుకుని పక్కన వేలాడాలి గానీ, రాఫ్టుకూ దిగువనున్న బండకూ మధ్యకు పోకూడదు. రాఫ్ట్ కిందికి వెళ్లినట్టయితే కంగారుపడకుండా, పైనున్న అడుగు భాగాన్ని చేతులతో తడుముతూ ఒకే దిక్కుకు జరిగితే రెండు మూడు క్షణాల్లో బయటపడతాం. తాడు అందనంత దూరం కొట్టుకుపోతే వెల్లకిలా తిరిగి, కాళ్లు ప్రవాహం పోయే వైపు చాపి, కాలివేళ్లు నీటిపైకి కనిపించేలా ఎత్తి పెట్టాలి. ఎదురొచ్చే రాయిని కాళ్లు కాచుకుంటాయి. అల మీదికి వచ్చే ముందు ఊపిరి పీల్చి, అల ముఖాన్ని కప్పినంతసేపూ బిగబట్టాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ లేచి నిలబడబోకూడదు. మోకాలి లోతు మించిన పరుగునీటిలో నిలబడితే పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటుంది, వెనుక నుంచి నీరు మనిషిని ముందుకు వంచి ముంచేస్తుంది. లైఫ్ జాకెట్ ఉన్నా అప్పుడు పైకి తేల్చలేదు. బావిలో ఈత నేర్చినవారు సహజంగా చేసే పని కాలు కింద పెట్టి నేల వెదకడం, కనుక ఈ ఒక్క మాటను వారికి పదేపదే చెప్పాలి. ర్యాపిడ్ దాటి నీరు నెమ్మదించాక, లేదా గైడ్ ఒక వైపు వేలు చూపిస్తే, బోర్లా తిరిగి ఆ వైపుకు ఏటవాలుగా గట్టిగా ఈదాలి. ఎదురీదడం వల్ల అలసట తప్ప ఫలితం ఉండదు. విసిరిన తాడు అందినప్పుడు సంచిని కాకుండా తాడునే పట్టుకుని, భుజం మీదుగా ఛాతీకి ఆనించి, వెల్లకిలా ఉండాలి. చేతికి మాత్రం చుట్టుకోరాదు. పడినవారిని రాఫ్టులోకి ఎక్కించేవారు చేతులు పట్టి లాగకుండా, జాకెట్ భుజపట్టీలు పట్టుకుని ఒక్కసారిగా వెనక్కి వాలాలి.

నీరు నెమ్మదిగా ఉన్న చోట ‘దూకండి’ అని గైడ్ తాడు పట్టుకుని తేలనిస్తాడు. ఆ సరదా బాగుంటుంది, కానీ ఆయన ‘రండి’ అన్న మరుక్షణం తిరిగి ఎక్కాలి, ఎందుకంటే తరువాతి ర్యాపిడ్ మలుపు చాటునే ఉండవచ్చు. మ్యాగీ, టీ అమ్మే ఇసుక ఒడ్డు దగ్గర బండ మీద నుంచి దూకించే చోటు ఒకటి ఉంటుంది. నడుము, మెడ నొప్పులు ఉన్నవారు దాని జోలికి పోకుండా టీతో సరిపెట్టుకోవడం మంచిది.

రాఫ్ట్ దిగి జాకెట్ విప్పిన తరువాతి సమయం మీద నాకు ఎక్కువ అనుమానం. అంతసేపూ హెల్మెట్‌తో జాగ్రత్తగా ఉన్నవారే గంగమ్మ ఒడిలో మూడు మునకలు వేద్దామని ఇసుక తిన్నె మీద నుంచి లోపలికి నడుస్తారు. ఆ తిన్నెల అంచున లోతు ఒక్క అడుగు తేడాలో మారుతుంది. స్నానం చేయదలిస్తే గొలుసులు కట్టిన ఘాట్ల దగ్గరే, గొలుసు వదలకుండా చేయాలి. ఫొటోల కోసం నది మధ్య రాళ్ల మీదికి వెళ్లడం అంతకంటే ప్రమాదకరం. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో లార్జీ డ్యామ్ నుంచి విడిచిన నీరు బియాస్ నదిలో ముంచెత్తి హైదరాబాద్‌కు చెందిన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వారు రాఫ్టింగ్ చేస్తున్నవారు కారు, ఒడ్డు దగ్గర రాళ్ల మీద నిలబడినవారు. గంగకు పైన కూడా టెహ్రీ వంటి డ్యామ్‌లు ఉన్నాయి. సైరన్ వినిపించినా, నీరు కొద్దిగా పెరుగుతున్నట్టో మురికిగా మారుతున్నట్టో అనిపించినా, చెప్పులు, సంచులు వదిలేసి పైకి ఎక్కేయాలి.

గదికి చేరాక తడి బట్టలు మార్చుకుని వేడిగా ఏదైనా తాగాలి. వణుకు ఆగకపోయినా, మాట తడబడుతున్నా దుప్పట్లు కప్పి వెచ్చగా ఉంచి వైద్యుడికి చూపించాలి. నీళ్లు బాగా మింగినవారిలో దగ్గు తగ్గకపోయినా, ఊపిరి తీసుకోవడం కష్టమైనా, ఛాతీ పట్టేసినట్టున్నా ‘పొద్దున చూద్దాంలే’ అని పడుకోబెట్టకూడదు. ఋషికేశ్‌లోనే ఎయిమ్స్ ఉంది, ఆ రాత్రికే అక్కడికి తీసుకువెళ్లాలి.